హడ్సన్ లోయ స్టేట్ పార్కులు: అడవికి కొదవ లేదు, ఇరుకంతా గేటు దగ్గరే

క్లుప్తంగా

న్యూయార్క్ నగరానికి ఉత్తరంగా, హడ్సన్ నదికి రెండు వైపులా ఉన్న స్టేట్ పార్కుల్లో వందల మైళ్ల నడక దారులు ఉన్నాయి. అయినా సెలవు రోజుల్లో కొన్ని గేట్లు పొద్దున్నే మూతపడుతున్నాయి. బాగా పేరున్న ఒక ట్రెయిల్‌ను (నడక దారిని) రెండేళ్ల పనుల కోసం పూర్తిగా ఆపేశారు. నేల కొరత దీనికి కారణం కాదు. జనమంతా కొద్ది ద్వారాల నుంచే లోపలికి వెళ్తున్నారు. వందేళ్ల కిందట వేసిన దారులు ఇంతమంది కోసం వేసినవి కావు. వాటి బాగోగులు చాలావరకు వాలంటీర్ల చేతుల్లో ఉన్నాయి. వీటికి ఈమధ్య వరదలు, కార్చిచ్చులు తోడయ్యాయి.

ఒక ట్రెయిల్ మూతపడితే

2025 ఏప్రిల్‌లో హడ్సన్ హైలాండ్స్ స్టేట్ పార్క్‌లోని బ్రేక్‌నెక్ రిడ్జ్ ట్రెయిల్‌ను మూసేశారు. సుమారు రెండేళ్లు పడుతుందని చెప్పారు. దానికోసమే వారాంతాల్లో రైలు ఆగే చిన్న స్టేషన్ కూడా మూతపడింది. న్యూయార్క్ నగరంలో ఉంటూ కారు లేనివాళ్లు గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కి, సుమారు గంటన్నరలో నేరుగా కొండ అడుగున దిగగలిగిన చోటు అది. నది ఒడ్డు నుంచి మొదలై, చేతులూ కాళ్లూ రెండూ వాడి ఎక్కాల్సిన రాతి దారి. పైకి చేరితే నది వంపు, ఎదురుగా స్టార్మ్ కింగ్ కొండ కనిపిస్తాయి. తూర్పు తీరంలో దీనికి ఉన్నంత పేరు మరే ఒక పూట హైక్‌కీ లేదంటే పెద్దగా తప్పు కాదు.

ఒక్క దారి మూసినంత మాత్రాన ఇంత చర్చ ఎందుకన్న ప్రశ్న సహజం. నదికి అవతల ఉన్న హారిమన్ స్టేట్ పార్క్ ఒక్కదానిలోనే సుమారు 200 మైళ్ల ట్రెయిల్స్, 31 సరస్సులు, రిజర్వాయర్లు ఉన్నాయి. అక్కడి చాలా దారుల్లో శనివారం కూడా గంటసేపు నడిచినా మనిషి కనిపించడు. అడవి ఇంత ఖాళీగా ఉంటే ఇరుకు ఎక్కడిది? అది అర్థం కావాలంటే ఈ పార్కులు ఎవరివో, ఎలా పుట్టాయో, దారి అనేది అసలు ఎలా తయారవుతుందో ముందు చూడాలి.

ఏ నేల ఎవరిది

స్టేట్ పార్క్ అనగానే ఎల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్క్‌తో కలిపేసుకోవడం మామూలే. రెండింటి యజమానులు వేరు. నేషనల్ పార్కులు కేంద్ర ప్రభుత్వానివి. స్టేట్ పార్కులు ఆయా రాష్ట్రాలవి. అందుకే నేషనల్ పార్కులకు కొన్న ఏడాది పాస్ ఇక్కడి బేర్ మౌంటెన్ స్టేట్ పార్క్ గేటు దగ్గర చెల్లదు. న్యూయార్క్ రాష్ట్రం ఇచ్చే ఎంపైర్ పాస్ నది దాటి న్యూజెర్సీలో చెల్లదు.

ఒక రాష్ట్రంలోనే రెండు శాఖలు ఉండటంతో గందరగోళం పెరుగుతుంది. న్యూయార్క్‌లో స్టేట్ పార్కులను పార్కుల శాఖ చూస్తుంది. క్యాట్‌స్కిల్స్, ఆదిరాండాక్స్‌లోని అటవీ భూములను పర్యావరణ పరిరక్షణ శాఖ చూస్తుంది. పార్కుల శాఖ ఆలోచన ప్రకారం జనం రావాలి, కాబట్టి పార్కింగ్, ఈత కొలనులు, పిక్నిక్ బల్లలు, గేటు రుసుము ఉంటాయి. అటవీ భూములకు 1894లో రాష్ట్ర రాజ్యాంగమే రక్షణ ఇచ్చింది. అవి ఎప్పటికీ అడవిగానే ఉండాలని, అక్కడి కలపను అమ్మడం, నరకడం కుదరదని అందులో రాశారు. అక్కడ మామూలుగా గేటు, టికెట్ ఉండవు. పేరులో పార్క్ ఉన్నా క్యాట్‌స్కిల్ పార్క్ స్టేట్ పార్క్ కాదు. సుమారు 7 లక్షల ఎకరాల గీత లోపల ప్రభుత్వ అడవీ, ప్రైవేటు ఇళ్లూ, ఊళ్లూ కలిసే ఉంటాయి.

ఈ తేడా కాగితాల మీదే ఆగదు. హారిమన్‌లో రాత్రి ఉండాలంటే ట్రెయిల్ పక్కన కట్టిన షెల్టర్ల దగ్గరే గుడారం వేసుకోవాలి. క్యాట్‌స్కిల్స్ ప్రభుత్వ అడవిలో 3,500 అడుగుల కంటే కింద, దారికీ నీటికీ రోడ్డుకీ 150 అడుగుల దూరంలో ఎక్కడైనా వేసుకోవచ్చు. గంట ప్రయాణం దూరంలో ఉన్న రెండు అడవుల్లో ఒకే పని ఒకచోట తప్పు, ఇంకోచోట హక్కు.

షావన్‌గంక్ కొండల మీద పరిస్థితి ఇంకా చిక్కు. మిన్నివాస్కా స్టేట్ పార్క్ ప్రభుత్వానిది. దాన్ని ఆనుకునే ఉన్న మోహోంక్ ప్రిజర్వ్ అనే రక్షిత ప్రాంతం ఒక లాభాపేక్ష లేని సంస్థది, దాని ప్రవేశ రుసుము వేరు. రెండింటి మధ్య నడిచేవాళ్లకు కొండ ఒకటే, గీత మాత్రం మ్యాపులోనే కనబడుతుంది.

హడ్సన్ పడమటి ఒడ్డున ఉన్న పార్కుల్లో చాలావాటిని న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న పాలిసేడ్స్ ఇంటర్‌స్టేట్ పార్క్ కమిషన్ నడుపుతుంది. హారిమన్, బేర్ మౌంటెన్, స్టెర్లింగ్ ఫారెస్ట్, మిన్నివాస్కా దాని కిందివే. ఇలాంటి ఉమ్మడి ఏర్పాటు అమెరికాలో అరుదు. అది ఎలా వచ్చిందన్నది ఈ ప్రాంతపు పార్కుల చరిత్రకు మూలం.

క్వారీ, జైలు, కరెంటు కేంద్రం

ఇక్కడి పార్కులు అందమైన అడవిని చూసి ఎవరో ముచ్చటపడి పెట్టినవి కావు. ప్రతి ఒక్కటీ ఏదో ఒక పనిని ఆపడానికి పుట్టింది.

పందొమ్మిదో శతాబ్దం చివర న్యూజెర్సీ వైపు పాలిసేడ్స్ రాతి గోడను డైనమైట్‌తో పేల్చి, రోడ్లకూ కట్టడాలకూ కంకర తీసుకెళ్లేవారు. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల గట్టిపడిన రాయి అది. న్యూజెర్సీ మహిళా సంఘాల సమాఖ్య దీని మీద గట్టిగా పోరాడింది. 1900లో న్యూయార్క్ గవర్నర్ థియోడోర్ రూజ్‌వెల్ట్, న్యూజెర్సీ గవర్నర్ ఫాస్టర్ వూర్హీస్ సంతకాలతో కమిషన్ ఏర్పడింది. పెద్ద క్వారీని కొనేయడానికి బ్యాంకర్ జె.పి. మోర్గాన్ 1,22,500 డాలర్లు ఇచ్చారు. ఆ ఏడాది క్రిస్మస్ ముందు రోజున అక్కడ పేలుళ్లు ఆగాయి.

బేర్ మౌంటెన్ దగ్గర ఆపింది జైలును. సింగ్ సింగ్ జైలును అక్కడికి మార్చాలని రాష్ట్రం నిర్ణయించి పని కూడా మొదలుపెట్టింది. రైల్వే అధిపతి ఇ.హెచ్. హారిమన్ చనిపోయాక ఆయన భార్య మేరీ హారిమన్ 1910లో 10,000 ఎకరాలు, 10 లక్షల డాలర్లు ఇస్తామని ముందుకు వచ్చారు. జైలు ఆలోచన మానుకోవాలన్నది షరతు. 1913లో బేర్ మౌంటెన్ పార్క్ తెరుచుకుంది.

నది మీదున్న స్టార్మ్ కింగ్ కథ వేరే తరానిది. 1962లో కాన్ ఎడిసన్ కంపెనీ ఆ కొండను తొలిచి భారీ విద్యుత్ కేంద్రం కడతామంది. స్థానికులు కోర్టుకు వెళ్లారు. ఆర్థిక నష్టం లేకపోయినా, ప్రకృతి అందం విషయంలో పౌరులకు కోర్టులో వాదించే హక్కు ఉందని 1965లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. అమెరికా పర్యావరణ చట్టానికి ఈ తీర్పు పునాదుల్లో ఒకటి. 1980లో రాజీ కుదిరి కంపెనీ వెనక్కి తగ్గింది.

ఈ చరిత్రలో బాధ కలిగించే పేజీలు కూడా ఉన్నాయి, వాటిని వదిలేస్తే లెక్క సరిపోదు. ఈ నేల ఇక్కడి ఆదివాసులైన మున్సీ లెనాపే ప్రజలది. ఆ తర్వాత ఇక్కడ ఇనుప గనులు, బొగ్గు బట్టీలు, చిన్న ఊళ్లు వచ్చాయి. బేర్ మౌంటెన్ పక్కనే ఉన్న డూడుల్‌టౌన్ అనే ఊరి ఇళ్లను పార్క్ ఒక్కొక్కటిగా కొంటూ పోయింది. 1960ల నాటికి ఊరు ఖాళీ అయింది. ఇప్పుడు అక్కడ పునాది రాళ్ల మధ్య నడిచే దారి ఉంది.

ఇలా ముక్కలు ముక్కలుగా, ఆపదలు వచ్చినప్పుడల్లా సంపాదించిన నేల కాబట్టి, ప్రవేశ ద్వారాలను ఒక పద్ధతి ప్రకారం ఎవరూ ప్లాన్ చేయలేదు. ఈనాటి ఇరుకుకు ఒక వేరు అక్కడే ఉంది.

దారి వేసినవాళ్లు

తొలి రోజుల్లో బేర్ మౌంటెన్‌కు మన్‌హాటన్ నుంచి జనం ఎక్కువగా స్టీమర్లలో, రైళ్లలో వచ్చేవారు. రేవు చుట్టూ తిరిగి, సాయంత్రం మళ్లీ పడవెక్కేవారు. లోపలి కొండల్లోకి దారులు లేవు. 1920లో పార్క్ జనరల్ మేనేజర్ విలియం వెల్చ్, హైకింగ్ క్లబ్బులను పిలిచి మాట్లాడారు. న్యూయార్క్ ఈవెనింగ్ పోస్ట్‌లో నడక గురించి రాసే రేమండ్ టోరీ అందులో ముఖ్యులు. ఆ సమావేశాల నుంచే న్యూయార్క్-న్యూజెర్సీ ట్రెయిల్ కాన్ఫరెన్స్ పుట్టింది. టక్సీడో స్టేషన్ నుంచి హడ్సన్ ఒడ్డున ఉన్న జోన్స్ పాయింట్ దాకా వాళ్లు వేసిన తొలి దారి ఇప్పుడు రమాపో-డండర్‌బర్గ్ ట్రెయిల్ పేరుతో ఉంది. అప్పటి దారులు రెండు కొసల్లోనూ రైల్వే స్టేషన్ ఉండేలా సాగేవి. ఎక్కినచోటే దిగాల్సిన పని లేదు, జనం పలుచగా పరుచుకునేవారు.

1921లో అటవీ నిపుణుడు బెంటన్ మెకే అప్పలాచియన్ ట్రెయిల్ ఆలోచనను ప్రచురించారు. ఆ ట్రెయిల్ కోసమని కొత్తగా వేసిన మొదటి భాగం 1923లో బేర్ మౌంటెన్ నుంచి ఆర్డెన్ వైపు తెరుచుకుంది. 14 రాష్ట్రాల మీదుగా సుమారు 2,190 మైళ్లు సాగే దారికి మొదలు ఇక్కడే. దాని మొత్తం పొడవులో అతి తక్కువ ఎత్తున్న చోటు కూడా ఇక్కడే ఉంది. సముద్రమట్టానికి 124 అడుగుల ఎత్తులో, బేర్ మౌంటెన్ జంతుశాల మధ్యలోంచి దారి వెళ్తుంది.

చెట్ల మీద కనిపించే రంగు గుర్తులకు చిన్న వ్యాకరణం ఉంది. అప్పలాచియన్ ట్రెయిల్‌కు తెల్లరంగు, మన్‌హాటన్ నుంచి ఉత్తరానికి వెళ్లే లాంగ్ పాత్‌కు నీలికి దగ్గరగా ఉండే ఆక్వా రంగు. ఒకదాని మీద ఒకటి రెండు గుర్తులుంటే మలుపు వస్తోందని అర్థం. పై గుర్తు ఎటు జరిగి ఉంటే దారి అటు తిరుగుతుంది. మూడు గుర్తులు కలిసి ఉంటే ట్రెయిల్ అక్కడ మొదలవుతోంది, లేదా ముగుస్తోంది. ఫోన్‌లో సిగ్నల్ పోయే కొండల్లో దారి తప్పకుండా ఉండాలంటే ఇది తెలిసి ఉండటం చాలా అవసరం.

ఆ గుర్తులకు మళ్లీ రంగు వేసేది, కూలిన చెట్లు కోసేది, కాలువలు శుభ్రం చేసేది ఎక్కువగా జీతం లేని మనుషులే. ట్రెయిల్ కాన్ఫరెన్స్ వాలంటీర్లు రెండు రాష్ట్రాల్లో 2,000 మైళ్లకు పైగా దారులను చూసుకుంటున్నారు. నేల ప్రభుత్వానిది, చెమట పౌరులది. వందేళ్లుగా ఈ ఏర్పాటు నిలబడటం గొప్ప విషయం. కానీ దీనికో పరిమితి ఉంది. నడిచేవాళ్లు రెట్టింపైతే వాలంటీర్లు వాళ్లంతట వాళ్లు రెట్టింపు కారు.

నేల ఎందుకు కోసుకుపోతుంది

కాలిబాట అంటే నడవగా నడవగా దానంతట అదే ఏర్పడేదని అనుకుంటాం. జనం తక్కువగా ఉన్నంతకాలం అది నిజమే. తర్వాత దారిని నిర్ణయించేది నీరు.

1920లలో దారులు వేసినవాళ్లు కొండ మీదికి చాలాచోట్ల నిటారుగా వెళ్లారు. దూరం తగ్గుతుంది, ఎక్కేవాళ్లకు సరదాగా ఉంటుంది. అయితే వాననీరు కూడా అదే వాలులో దిగుతుంది. పాదాలు గడ్డినీ ఆకుల పొరనూ చెరిపేసిన చారలోకి నీరు చేరి వేగం పుంజుకుంటుంది, మట్టిని మోసుకుపోతుంది. నాలుగైదు ఏళ్లలో చార కాలువ అవుతుంది. వేళ్లు, రాళ్లు బయటపడతాయి. జారుతుందని నడిచేవాళ్లు పక్కనుంచి వెళ్తారు. అక్కడా గడ్డి చచ్చి ఇంకో చార మొదలవుతుంది. ఒక అడుగు వెడల్పు దారి ఇరవై అడుగుల బీడుగా మారేది ఇలాగే. చలికాలంలో మట్టిలోని నీరు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకడుతూ నేలను గుల్ల చేస్తుంది. ఆ తర్వాత వచ్చే బురద నెలల్లో ఒక్క వారాంతం చేసే నష్టం ఎండాకాలం నెల మొత్తం చేయదు.

హడ్సన్ హైలాండ్స్‌లో మట్టి పొర పలుచన. వందకోట్ల ఏళ్లకు పైబడిన నైస్ (gneiss) అనే రాతిని మంచుయుగంలో హిమానీనదాలు గీకేసి వెళ్లాయి. పోయిన మట్టి మళ్లీ రావడానికి మనుషుల కాలమానం చాలదు.

ఇప్పటి దారి నిర్మాణ పద్ధతి అందుకే పూర్తిగా వేరు. దారిని వాలుకు అడ్డంగా, కొండను చుట్టుకుంటూ తీస్తారు. దారి ఏటవాలు కొండవాలు ఏటవాలులో సగానికి మించకూడదన్నది ప్రాథమిక సూత్రం. దారి బయటి అంచును కాస్త కిందికి వంచుతారు. అక్కడక్కడా చిన్న పల్లం ఇచ్చి మళ్లీ ఎక్కిస్తారు. ఇలా చేస్తే నీరు దారి వెంట పరుగెత్తకుండా దాన్ని దాటి కిందికి పోతుంది. నిటారుగా వెళ్లక తప్పని చోట రాతి మెట్లే గతి.

దీనికి పెద్ద ఉదాహరణ బేర్ మౌంటెన్ మీదే ఉంది. అక్కడి అప్పలాచియన్ ట్రెయిల్ భాగం అరిగి గుంతలు పడటంతో, కొత్త మార్గంలో గ్రానైట్ రాళ్లను చేత్తో చెక్కి, తీగల మీద వేలాడదీసి కదిలిస్తూ, వెయ్యికి పైగా మెట్లు వేశారు. వృత్తి నిపుణులు, వాలంటీర్లు కలిసి పదేళ్లకు మించి పనిచేశారు. 2010లో ఒక భాగం, 2018లో మిగతాది పూర్తయ్యాయి. మెట్లు ఎక్కుతూ ఇది సహజమైన అడవిలా లేదని అనుకునేవాళ్లు ఉంటారు. ఆ మెట్లు లేకపోతే కొండ ముఖమే మిగిలేది కాదు.

పార్కింగ్ లాట్ అసలు గేటు

ఇక రాకపోకల విషయం. న్యూయార్క్ స్టేట్ పార్కులన్నిటికీ కలిపి 2019లో సుమారు 7.7 కోట్ల సందర్శనలు నమోదయ్యాయి. 2024లో అవి సుమారు 8.8 కోట్లు. మధ్యలో వచ్చిన కోవిడ్ చాలామందికి అడవి దారిని కొత్తగా పరిచయం చేసింది. 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ తన స్టేట్ పార్కులన్నీ మూసేసి, మే 2న తెరిచింది. మూసి ఉన్న ఆ వారాల్లో పక్క రాష్ట్రం దారుల మీద ఒత్తిడి పెరిగింది.

డబ్బు మాత్రం నిలకడగా రాదు. 2010లో న్యూయార్క్ రాష్ట్రం బడ్జెట్ కష్టాల్లో పడి 41 పార్కులు, 14 చారిత్రక స్థలాలు మూసేయాలని ప్రతిపాదించింది. ప్రజల నుంచి గట్టి వ్యతిరేకత రావడంతో ఆగింది. పార్కుల బడ్జెట్ మీద వేటు పడటం తేలిక, ఎందుకంటే ఈ ఏడాది కాలువ శుభ్రం చేయకపోతే దాని ఫలితం ఐదారేళ్ల తర్వాత గానీ కంటికి కనిపించదు.

స్టీమర్లు, రైళ్ల స్థానంలో కార్లు వచ్చాక జనం వచ్చే తీరు మారింది. కారు పెట్టినచోటికే తిరిగి రావాలి. అందుకని అందరికీ ఒక చుట్టు తిరిగి వచ్చే దారి కావాలి. అది మూడు నాలుగు గంటల్లో అయిపోవాలి, పైన మంచి వ్యూ ఉండాలి, నగరానికి దగ్గరగా ఉండాలి. ఇవన్నీ కుదిరే దారులు లోయ మొత్తం మీద చాలా కొద్ది. ఫోన్ యాప్‌లు బాగా నడిచిన దారినే పైన చూపిస్తాయి, చూసినవాళ్లు మళ్లీ అదే నడుస్తారు. దాంతో 200 మైళ్లున్న చోట కూడా జనమంతా పది మైళ్లలోనే కనిపిస్తారు.

దారి ఎంతమందిని మోయగలదన్నది లెక్కగట్టడం కష్టం. లాట్‌లో ఎన్ని కార్లు పడతాయన్నది ఎవరైనా చెప్పగలరు. అందుకే ఆచరణలో పార్కింగ్ లాట్ నిండటమే పార్క్ నిండటం అయింది. లాట్ నిండితే గేటు మూస్తారు. వచ్చినవాళ్లు వెనక్కి పోకుండా రోడ్డు పక్కన ఆపుతారు. బ్రేక్‌నెక్ దగ్గర 9డి రోడ్డు మీద అదే జరిగింది: ఒకవైపు వేగంగా పోయే కార్లు, ఇంకోవైపు రైలు పట్టాలు, మధ్యలో పిల్లలతో నడిచే కుటుంబాలు. కొండ ఎక్కడం కంటే కొండ దాకా చేరడమే ప్రమాదకరంగా మారింది.

నాలుగు పద్ధతులు, నాలుగు రకాల నష్టం

రద్దీని తగ్గించడానికి ఈ రాష్ట్రంలో వాడుతున్న పద్ధతులు ప్రధానంగా నాలుగు.

గేటు రుసుము పాతది. బేర్ మౌంటెన్ లాంటి చోట కారుకు 10 డాలర్లు తీసుకుంటూ వచ్చారు. దీనివల్ల ఆదాయం వస్తుంది గానీ శనివారం రద్దీ తగ్గదు. అంత దూరం వచ్చిన కుటుంబం పది డాలర్ల కోసం వెనక్కి పోదు.

ముందుగా వచ్చినవాళ్లకు ముందు అన్న పద్ధతి మిన్నివాస్కాలో కనబడుతుంది. ఆకులు రంగు మారే అక్టోబరులో లాట్లు ఉదయమే నిండిపోతాయి. వేకువన బయల్దేరగలిగిన వాళ్లకు ఇది బాగుంటుంది. శనివారం సగం పూట పనిచేసే వాళ్లకు దారి మూసుకుపోయినట్టే.

పర్మిట్ పద్ధతిని క్యాట్‌స్కిల్స్‌లోని పీకమూస్ బ్లూ హోల్ దగ్గర 2018లో తెచ్చారు. వాగులో ఉన్న చిన్న నీటి గుండం అది. ఆన్‌లైన్‌లో పేరు వ్యాపించి వేసవి వారాంతాల్లో జనం పోటెత్తడంతో, మే 15 నుంచి సెప్టెంబరు 15 దాకా వారాంతాలు, సెలవు రోజుల్లో పర్మిట్ తప్పనిసరి చేశారు. ఆదిరాండాక్స్‌లో ప్రైవేటు నేల మీదుగా వెళ్లే ఒక ముఖ్యమైన మార్గానికి 2021 నుంచి పార్కింగ్ రిజర్వేషన్ పెట్టారు. ఒక చోటును కాపాడటంలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. స్లాట్ దొరకనివాళ్లు ఇంటికి పోరు, పక్క ట్రెయిల్‌కు పోతారు. ఇబ్బంది ఒక లోయ నుంచి ఇంకో లోయకు మారుతుంది. ఆన్‌లైన్‌లో ముందుగా చూసుకునే అలవాటు, భాష తెలిసిన వాళ్లకే స్లాట్లు దొరకడం ఇంకో సమస్య.

నాలుగోది రైలు, బస్సు. నలుగురు మనుషుల కోసం ఒక కారు స్థలం అక్కర్లేదు, కారు లేనివాళ్లకు కూడా అడవి అందుతుంది. న్యాయం దృష్ట్యా ఇదే మేలైన మార్గం. కానీ రైలు ఒకేసారి వందల మందిని ఒకే చోట దింపుతుంది. దిగిన చోట సరైన దారి, మరుగుదొడ్డి, చెత్త ఏర్పాటు లేకపోతే ఆ రద్దీ మొత్తాన్ని పక్క ఊరే మోయాలి. బ్రేక్‌నెక్ పక్కనున్న కోల్డ్ స్ప్రింగ్ అనే చిన్న ఊరికి ఎదురైంది ఇదే.

ఫియోర్డ్ ట్రెయిల్ మీద వాదన

బ్రేక్‌నెక్ మూసింది ఈ చిక్కును విప్పడానికే. కోల్డ్ స్ప్రింగ్ నుంచి బీకన్ దాకా నది ఒడ్డున ఏడున్నర మైళ్ల హడ్సన్ హైలాండ్స్ ఫియోర్డ్ ట్రెయిల్ కట్టాలన్నది ప్రణాళిక. బ్రేక్‌నెక్ దగ్గర పట్టాల మీదుగా నడక వంతెన, పార్కింగ్, రైలు దిగే చోట మెరుగులు అందులో మొదటి పని. రోడ్డు మీద నడిచే ప్రమాదం తప్పుతుందని, కొండ ఎక్కలేని పెద్దవాళ్లు, వీల్‌చైర్ వాడేవాళ్లు కూడా నదిని చూడగలుగుతారని దీన్ని కోరేవాళ్లు అంటున్నారు.

వద్దనేవాళ్ల వాదన కూడా తేలిగ్గా తీసేయాల్సింది కాదు. ఇప్పటికే వారాంతాల్లో ఊళ్లో నడవడానికి చోటు లేదని, చదునైన దారి వేస్తే కొండకు భయపడి రానివాళ్లు కూడా వస్తారని, నది ఒడ్డున చేసే నిర్మాణం అక్కడి జీవజాలానికి దెబ్బ అని వాళ్ల భయం. 2024 చివర్లో పర్యావరణ ప్రభావ నివేదిక ముసాయిదా వచ్చినప్పుడు రెండు వర్గాలూ దాన్నే చూపి వాదించాయి.

రోడ్లు వెడల్పు చేస్తే కార్లు పెరుగుతాయన్న పాత అనుభవం ట్రెయిల్స్‌కు కూడా కొంత వర్తిస్తుంది. అలాగని ఏమీ కట్టకపోతే జనం రావడం ఆగదని గత పదేళ్లు చూపించాయి. ఈ ప్రణాళికలో భద్రతకు సంబంధించిన భాగం, అంటే వంతెన, రోడ్డు దాటే ఏర్పాటు, ఎవరు గెలిచినా అవసరమే. మిగతా మైళ్ల గురించి ఊరి మాట గట్టిగా వినాలి.

వరద, నిప్పు

2023 జులై 9న ఈ ప్రాంతంలో ఒక్క సాయంత్రం కుండపోత కురిసింది. వెస్ట్ పాయింట్ పరిసరాల్లో ఏడు అంగుళాలకు పైగా వాన పడింది. ఆ పరిసరాల్లోనే ఒకరు చనిపోయారు. బేర్ మౌంటెన్, హారిమన్ పార్కుల్లో రోడ్లు, కాలిబాట వంతెనలు కొట్టుకుపోయి చాలా దారులు మూతపడ్డాయి. పాత పద్ధతిలో నిటారుగా వేసిన దారులు అలాంటి వానలో వాగులే అవుతాయి.

2024లో పరిస్థితి తిరగబడింది. శరదృతువులో వానలే లేక ఆకులు చిటపటలాడుతుంటే, నవంబరులో న్యూజెర్సీ సరిహద్దు దగ్గర మొదలైన జెన్నింగ్స్ క్రీక్ కార్చిచ్చు స్టెర్లింగ్ ఫారెస్ట్‌లోకి పాకి 5,000 ఎకరాలకు పైగా కాల్చేసింది. మంటలు ఆర్పుతూ పార్కుల శాఖలో పనిచేసే పద్దెనిమిదేళ్ల యువకుడు ప్రాణం కోల్పోయాడు. న్యూయార్క్ రాష్ట్రమంతా ఆరుబయట మంటలు వేయడం నిషేధించారు. ఈశాన్య అమెరికాలో కార్చిచ్చు అంటే పడమటి రాష్ట్రాల సంగతి అనుకునే రోజులు పోయాయి.

మరమ్మతుకు ఇంతకుముందు ఒక వరస ఉండేది. చలికాలం ప్లాన్, వసంతంలో కాలువలు, వేసవిలో రాతి పని. ఇప్పుడు ప్రతి ఏడాదీ ఏదో ఒక విపత్తు ఆ వరసను చెరిపేస్తోంది. వాలంటీర్ల శక్తి కొత్త దారులకు కాకుండా పోయినవి తిరిగి నిలబెట్టడానికే ఖర్చవుతోంది.

వచ్చే ఏళ్లలో కనిపించేవి

బ్రేక్‌నెక్ మూసి ఉన్నన్నాళ్లూ పక్కనున్న బుల్ హిల్, నదికి అవతల స్టార్మ్ కింగ్, బేర్ మౌంటెన్ వంతెన దగ్గర ఆంథొనీస్ నోస్ మీద భారం పెరుగుతుంది. ఇవి కూడా నిటారు దారులే, పలుచటి మట్టే. ఒక దారిని కాపాడే రెండేళ్లు ఇంకో మూడు దారులను అరగదీసే ప్రమాదం ఉంది. ఈ దారుల దగ్గర ఇప్పుడే కాలువలు, మెట్లు సరిచేయడం తర్వాత చేయడం కంటే చవక.

పర్మిట్లు, పార్కింగ్ రిజర్వేషన్లు మరిన్ని చోట్ల వచ్చే అవకాశం ఎక్కువ. వాటితోపాటు కారు లేకుండా వచ్చేవాళ్లకు కొంత కోటా, ఫోన్ లేకుండా గేటు దగ్గరే తీసుకునే స్లాట్లు పెడితే నష్టం కొంత తగ్గుతుంది. ఒక్క పార్క్ ఒంటరిగా రిజర్వేషన్ పెట్టడం కంటే, లోయలోని పార్కులన్నీ ఏ లాట్ ఎంత నిండిందో ఒకేచోట చూపిస్తే జనం ఇంటి దగ్గరే నిర్ణయం మార్చుకుంటారు. రెండు రాష్ట్రాలు, రెండు శాఖలు, ప్రైవేటు ప్రిజర్వ్‌లు ఉన్న చోట ఇది టెక్నాలజీ సమస్య కంటే సమన్వయ సమస్య.

వెళ్లేవాళ్ల వైపు నుంచి చూస్తే మార్పుకు చోటు చాలా ఉంది. హారిమన్‌లో టక్సీడో స్టేషన్ నుంచి మొదలయ్యే దారులు, స్టెర్లింగ్ ఫారెస్ట్ లోపలి మార్గాలు, న్యూజెర్సీలో వావయాండా, హై పాయింట్ పార్కుల్లోని అప్పలాచియన్ ట్రెయిల్ భాగాలు ఇంకా ఎంతో మందిని మోయగలవు. వానపడ్డ మర్నాడు నిటారు దారిని వదిలేసి పాత బండిబాట ఎంచుకోవడం, బురద వచ్చినప్పుడు పక్కకు తప్పుకోకుండా మధ్యలోంచే నడవడం లాంటి చిన్న పనుల ప్రభావం వేలమంది చేసినప్పుడు కొండ మీద కనిపిస్తుంది. వాలంటీర్ పనికి నైపుణ్యం ముందే ఉండాల్సిన అవసరం లేదు. గుర్తులకు రంగు వేయడం, కాలువలో ఆకులు తీయడం ఒక్క ఉదయంలో నేర్చుకోవచ్చు, అక్కడ తక్కువ పడుతున్నది కూడా ఆ చేతులే.